ఈ దినమున ఏమి జరిగినది?

చంద్రునిపై మానవుడు తొలిసారి పాదము మోపిన తేది ఏది అని ఒక పాఠశాలలో జరిగిన ప్రశ్నల పోటీలో అడిగిరి. ఆరవ తరగతి చదువుచున్న ఒక బాలిక ‘1969 జూలై 21’ అని వ్రాసెను. న్యాయనిర్ణేతలు దానిని కొట్టివేసి ‘జూలై 20’ అని దిద్దిరి. ఒక్క మార్కులో బహుమతి చేజారెను. ఆ బాలిక ఇంటికి వచ్చి, ఆ తేదిని తనకు చెప్పిన తాతగారి ముందు నిలిచి, ‘‘నువ్వు చెప్పిందే రాశాను తాతయ్యా, తప్పన్నారు’’ అనెను. తాతగారి ముఖము చిన్నబోయినది. ‘‘కల్పించి చెప్పలేదే తల్లీ! ఆ రోజు సోమవారం. పొద్దున్నే రేడియో పెట్టుకొని ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. నా చెవులతో విన్నాను’’ అనిరి.

మే మెరిగిన ఒక యింటిలో జరిగిన యీ సంగతి చిన్నదే. కాని దాని వెనుక నున్న ప్రశ్న చిన్నది కాదు. తాతగారి జ్ఞాపకము తప్పా? పుస్తకములోని తేది తప్పా? ఒకే సంఘటనకు రెండు తేదు లుండవచ్చునా? ‘ఈ దినమున ఏమి జరిగినది?’ అను ప్రశ్నలు రేడియోలోను, పత్రికలలోను, పాఠశాలలలోను నిత్యము వినబడుచున్నవి. పిల్లలును పెద్దలును కూడి ఉత్సాహముతో బదులు చెప్పు వినోదములలో ఇది యొకటి. దానిని కూర్చువారికిని, అందు పాల్గొనువారికిని ఉపకరించునను తలంపుతో, తేది యనునది ఎట్లు ఏర్పడునో, ఎట్లు మోసపుచ్చునో యిచ్చట వివరింప దలచితిమి.

ముందుగా తాతామనుమరాండ్ర తగవు తీర్చుదము. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ అను వ్యోమగాములను మోసికొనిపోయిన ‘ఈగిల్’ నౌక చంద్రతలముపై దిగినది గ్రీనిచ్ కాలమానము ప్రకారము 1969 జూలై 20వ తేది రాత్రి 8 గంటల 17 నిమిషములకు. మన గడియారము గ్రీనిచ్ గడియారము కంటె అయిదున్నర గంటలు ముందు నడచును. కావున మనకు అప్పటికే అర్ధరాత్రి దాటి, 21వ తేది 1 గంట 47 నిమిషము లయినది. నౌక దిగిన తరువాత ఆరు గంటలకు పైగా గడచిన పిమ్మట ఆర్మ్‌స్ట్రాంగ్ నిచ్చెన దిగి పాదము మోపెను. అప్పుడు గ్రీనిచ్‌లో 21వ తేది తెల్లవారుజామున 2 గంటల 56 నిమిషములు. మన దేశములో అదే తేది ఉదయము 8 గంటల 26 నిమిషములు. యాత్రను నడిపించిన అమెరికాలోని హ్యూస్టన్ నగరమున మాత్రము ఇంకను 20వ తేది రాత్రియే. అమెరికా వారు తమ గడియారము చూచి జూలై 20 అని వ్రాసికొనిరి. ఆ పుస్తకములను చూచి మనమును అట్లే వ్రాసితిమి.

తాతగారు విన్నది సోమవారము ఉదయముననే. బాలిక వ్రాసినది మన గడియారము ప్రకారమే కాదు, గ్రీనిచ్ గడియారము ప్రకారము కూడ సరియైనదే. న్యాయనిర్ణేతలు దిద్దిన తేదియు అమెరికా గడియారము ప్రకారము అసత్యము కాదు. అసత్యమయినది ఒక్కటే: ‘ఒక బదులు సరియయినచో రెండవది తప్పు కావలెను’ అను వారి నమ్మకము.

తేదిని గూర్చి మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న, ‘ఎచ్చటి తేది?’ అనునది. భూమి గుండ్రముగా నున్నంత కాలము, ఒకే క్షణమున ఒకచోట నేడు, వేరొకచోట నిన్న అగుచునే యుండును. 1941లో జపాను విమానములు పెర్ల్ హార్బరుపై బాంబులు వేసినప్పుడు హవాయి దీవులలో డిసెంబరు 7వ తేది ఉదయము. టోకియోలో అప్పటికే 8వ తేది ప్రవేశించినది. అమెరికా బాలుడు 7 అనియు, జపాను బాలుడు 8 అనియు చదువుకొనుచున్నారు. ఇద్దరును సత్యమే పలుకుచున్నారు.

అడుగవలసిన రెండవ ప్రశ్న, ‘ఏ క్యాలెండరు ప్రకారము?’ అనునది. మనము వాడు ఇంగ్లీషు క్యాలెండరు ఆది నుండియు ఒకే తీరున నడచినది కాదు. రోమను పాలకుడు జూలియస్ సీజరు క్రీస్తు పూర్వము 46లో సంస్కరించిన క్యాలెండరులో సంవత్సరము 365 దినములకు పైన పావు దినము. నిజమైన ఋతు సంవత్సరము దాని కంటె సుమారు 11 నిమిషములు తక్కువ. పదునొకండు నిమిషముల తేడా యెంత అని తోచును. కాని అది చేరి చేరి సుమారు 128 సంవత్సరములకు ఒక దినమగును. పదునారవ శతాబ్దము నాటికి వసంత విషువము పది దినములు వెనుకకు జరిగిపోయినది. అప్పుడు పదమూడవ గ్రెగరీ పోపు ఆజ్ఞచే 1582 అక్టోబరు 4వ తేది గురువారమునకు మరునాడు అక్టోబరు 15, శుక్రవారముగా లెక్కించిరి. ఇక ముందు తేడా రాకుండుటకు, నూరుచే భాగింపబడు సంవత్సరములలో నాలుగు వందలచే కూడ భాగింపబడు వానికి మాత్రమే ఫిబ్రవరిలో 29వ దినము నుంచిరి. అందుచేతనే 1900లో ఫిబ్రవరి 29 లేదు, 2000లో కలదు.

ఈ మార్పును అన్ని దేశములును ఒక్కసారి అంగీకరింపలేదు. ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ వెంటనే అంగీకరించినవి. ఫ్రాన్సు అదే సంవత్సరము డిసెంబరులో మారినది. ఇంగ్లండు మాత్రము 170 సంవత్సరములు వేచియుండి, 1752లో సెప్టెంబరు 2కు మరునాడు సెప్టెంబరు 14 అని ప్రకటించినది. అప్పటికి తేడా పదునొకండు దినములయినది. రష్యా 1918లో జనవరి 31కి మరునాడు ఫిబ్రవరి 14గా లెక్కించినది. 1917లో జరిగిన రష్యా విప్లవమును ‘అక్టోబరు విప్లవ’ మనుచునే నవంబరు 7న ఉత్సవము జరుపుట కిదియే కారణము. వారి పాత లెక్కలో అది అక్టోబరు 25.

ప్రశ్నల పోటీలలో తరచుగా వినబడు ఒక ముచ్చట కలదు. షేక్స్‌పియరు, స్పెయిన్ దేశపు రచయిత సెర్వాంటిస్ ఒకే దినమున, అనగా 1616 ఏప్రిల్ 23న మరణించిరట. విన సొంపైనదే కాని నిజము కాదు. నాడు స్పెయిన్ కొత్త లెక్కలోను, ఇంగ్లండు పాత లెక్కలోను ఉన్నవి. ఇంగ్లండు ఏప్రిల్ 23 స్పెయిన్‌లో మే 3 అగును. అదియు గాక, సెర్వాంటిస్ 22వ తేదిననే కన్నుమూసెననియు, 23 ఆయనను ఖననము చేసిన దినమనియు చరిత్రకారులు చెప్పుదురు. గెలీలియో గతించిన సంవత్సరముననే న్యూటను జన్మించెనను మాటయు ఇట్టిదే. గెలీలియో మరణము 1642 జనవరి 8, కొత్త లెక్క. న్యూటను జననము 1642 డిసెంబరు 25, పాత లెక్క. ఇద్దరిని ఒకే లెక్కలోనికి తెచ్చినచో న్యూటను పుట్టినది 1643 జనవరి 4. రెండు తూనికరాళ్ళతో తూచి, బరువులు సమానమనుట వంటిది యిది.

ఇది దూరదేశపు గొడవ మాత్రమే అనుకొనరాదు. 1746లో ఫ్రెంచివారు లాబూర్డొనే నాయకత్వమున మద్రాసును ముట్టడించి పట్టుకొనిరి. కోట లొంగిన తేదిని ఇంగ్లీషువారి లెక్కలో సెప్టెంబరు 10 అనియు, ఫ్రెంచివారి లెక్కలో సెప్టెంబరు 21 అనియు చెప్పవలెను. కోట యొకటి, దినము నొకటే. తేదులు మాత్రము రెండు. పదునొకండు సంవత్సరముల తరువాత, 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధము జరుగు నాటికి ఇంగ్లీషువారును మారియుండుటచే ఈ చిక్కు తొలగినది.

ఇక మన పంచాంగమునకు వత్తము. ఇచ్చట తేది గాక తిథి ప్రధానము. త్యాగరాజస్వామి సిద్ధి పొందినది 1847 జనవరి 6. ఆ దినము పరాభవ నామ సంవత్సర పుష్య బహుళ పంచమి. ‘జనవరి 6న ఏమి జరిగినది?’ అని ప్రశ్నించినచో ఈ బదులు నిర్దోషమైనది. కాని తిరువయ్యారులో కావేరి యొడ్డున విద్వాంసులందరు కూడి పంచరత్న కీర్తనలు పాడు ఆరాధన జనవరి 6న జరుగదు. అది పుష్య బహుళ పంచమి నాడే జరుగును. ఆ తిథి 2023లో జనవరి 11న, 2024లో జనవరి 30న, 2025లో జనవరి 18న వచ్చినది. రేడియో ముందు కూర్చుండి ఏటేట ఆ గానమును విను పెద్దమ్మ ‘‘ఇవాళ పంచమి కాదుగదా!’’ అన్నచో, ఆమె కాదన్నది చరిత్రను కాదు. ఆమె లెక్క వేరు.

ఈ లెక్క ఇట్లు జరుగుటకు కారణము సులభమైనదే. అమావాస్య నుండి అమావాస్యకు సుమారు ఇరువది తొమ్మిదిన్నర దినములు. అట్టి మాసములు పండ్రెండు కూడిన 354 దినములగును. సూర్య సంవత్సరము కంటె ఇది సుమారు పదునొకండు దినములు తక్కువ. అందుచే తిథి ఏటేట వెనుకకు జరుగుచు, అధికమాసము వచ్చినప్పుడు ఒక్కసారి ముందునకు దూకును. పందొమ్మిది సంవత్సరములకు సూర్యచంద్రుల లెక్కలు మరల దగ్గరగా కలియును. మీ యింట పందొమ్మిదవ పుట్టినరోజు జరుపుకొను వారున్నచో పంచాంగము తీసి చూడుడు: తేదియు తిథియు ఒకే దినమున గాని, ఒక్క దినము తేడాతో గాని వచ్చుట కానవచ్చును.

దినము ఎప్పుడు మొదలగును అనుటలోను భేదము కలదు. ఇంగ్లీషు తేది అర్ధరాత్రి మారును. పంచాంగపు వారము సూర్యోదయముతో మారును. బుధవారము తెల్లవారుజామున మూడు గంటలకు పుట్టిన శిశువును ఆసుపత్రి కాగితము బుధవారపు బిడ్డ యనును. అమ్మమ్మ ‘‘మంగళవారం రాత్రి పుట్టాడు’’ అనును. మన స్వాతంత్ర్య మహోత్సవమే యిట్టి సంధిలో జరిగినది. 1947 ఆగస్టు 14వ తేది రాత్రి రాజ్యాంగసభ సమావేశమైనది. నెహ్రూగారి సుప్రసిద్ధ ప్రసంగము 14వ తేదిననే, పండ్రెండు కొట్టుటకు ముందు జరిగినది. స్వాతంత్ర్యము వచ్చినది 15వ తేది. ఈ రెండింటికి ఒకే తేది వేయు పుస్తకములు కలవు.

ఇన్ని లెక్కలను ఒక దారికి తెచ్చుటకు మన ప్రభుత్వము 1952లో మేఘనాథ్ సాహాగారి అధ్యక్షతన క్యాలెండరు సంస్కరణ సంఘమును నియమించెను. ఆ సంఘపు సూచనలపై 1957 మార్చి 22వ తేది శక సంవత్సరము 1879 చైత్రము 1వ తేదిగా జాతీయ క్యాలెండరు అమలులోనికి వచ్చినది. అందు చైత్రము 1 సామాన్యముగా మార్చి 22. ఫిబ్రవరి 29 వచ్చు సంవత్సరములలో మార్చి 21. కాని పండుగలకు పంచాంగమును, ఉద్యోగములకు ఇంగ్లీషు తేదిని మనము విడువలేదు.

అడుగవలసిన మూడవ ప్రశ్న, ‘ఎవరు వ్రాసి యుంచిరి?’ అనునది. మహాకవి గురజాడ అప్పారావుగారి జయంతిని సెప్టెంబరు 21న జరుపుచున్నారు. 1862 ఆయన జన్మ సంవత్సరమని చెప్పుచున్నారు. 1861 నవంబరు 30 అని వ్రాసిన గ్రంథములును కలవు. ఆయన కన్నుమూసిన 1915 నవంబరు 30ని గూర్చి మాత్రము వివాదము లేదు. ఇది వింత కాదు. పుట్టిననాడు ఎవరును మహాకవి కారు. పోయిననాడు దేశమెల్ల గుర్తుంచుకొనును. జనన మరణముల నమోదు చట్టము దేశమంతటికి వర్తించునట్లు వచ్చినది 1969లో. అంతకు ముందు పుట్టిన పెద్దలలో జూలై 1న పుట్టినట్లు కాగితములుగల వారెందరో మనకు తెలియును. బడిలో చేర్చునాడు తండ్రికి తేది గుర్తులేనిచో, ఉపాధ్యాయుడు వయస్సు సరిపోవునట్లు ఒక తేది వేసెడివాడు. ఆ కాగితము ఉద్యోగమునకు ప్రమాణమయినది, జననమునకు కాదు.

‘మొదటి’ అను మాటతోను జాగ్రత్త పడవలెను. మన దేశమున రేడియో ప్రసారములు మొదలయిన తేది యేది అని అడిగినచో 1927 జూలై 23 అని బదులు వచ్చును. ఆనాడు ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ బొంబాయి కేంద్రమును ప్రారంభించెను. కాని అంతకు మూడేండ్ల ముందే, 1924లో, సి.వి. కృష్ణస్వామిశెట్టిగారి పూనికతో ఏర్పడిన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారములు సాగించినది. ప్రశ్నలో ‘కంపెనీ కేంద్రము’ అను రెండు మాటలు చేర్చినచో వివాదము లేదు. చేర్చనిచో మద్రాసు సంగతి తెలిసినవాడు ఓడిపోవును, తెలియనివాడు గెలుచును. ఎక్కువ తెలిసినవాడు ఓడిపోవు పోటీ న్యాయమైనది కాదు.

తేదులు కలిసినప్పుడు మనకు ఆశ్చర్యము కలుగుట సహజము. డార్విన్, లింకన్ ఇద్దరును 1809 ఫిబ్రవరి 12ననే జన్మించిరి. ఇది నిజము, దీనిలో గ్రహముల మహిమ వెదకనక్కర లేదు. ఇరువది ముగ్గురు కూడిన చోట ఇద్దరి పుట్టినరోజులు కలియుటకు సగమునకు మించిన అవకాశము కలదని గణితము చెప్పుచున్నది. నలుబది మంది గల తరగతిలో అది నూటికి ఎనుబది తొమ్మిది వంతులు. 365 దినములలో వేలకొలది మహనీయులు పుట్టవలసియుండగా, కలియకుండుటయే వింత.

మరి తేదులకు అర్థమే లేదా? కలదు. అర్థము యాదృచ్ఛికముగా కలిసిన తేదులలో గాక, బుద్ధిపూర్వకముగా ఎన్నుకొన్న తేదులలో నుండును. మన రాజ్యాంగమును ఆమోదించినది 1949 నవంబరు 26న. అమలునకు మాత్రము రెండు మాసములు వేచి, 1950 జనవరి 26ను ఎన్నుకొనిరి. ఏలయన, 1930 జనవరి 26న దేశమంతట పూర్ణస్వరాజ్య దినము జరిపియుండిరి. ఆ ప్రతిజ్ఞను మరువలేదని చెప్పుటకే ఆ తేది. ‘గణతంత్ర దినమెప్పుడు?’ అని అడిగినచో బాలుడు ఒక అంకె నేర్చును. ‘నవంబరులో ఆమోదించిన రాజ్యాంగమును జనవరి 26 వరకు ఏల ఆపిరి?’ అని అడిగినచో ఇరువది యేండ్ల చరిత్ర నేర్చును.

అక్టోబరు 1వ తేది వచ్చినప్పుడు ‘ఆంధ్ర రాష్ట్రము ఏ సంవత్సరమున ఏర్పడినది?’ అని అడిగి, 1953 అని బదులు పొంది ఊరకుండవచ్చును. దాని వెనుక 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు మొదలు పెట్టిన నిరాహారదీక్ష, డిసెంబరు 15వ తేది రాత్రి ఆయన ప్రాణత్యాగము, నాలుగు దినములకు ప్రధాని చేసిన ప్రకటన ఉన్నవి. దాని ముందు 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2న ఏర్పడిన తెలంగాణ ఉన్నవి. ఒక తేదిని పట్టుకొని ముందునకు వెనుకకు నడువ నేర్పు ప్రశ్నయే మంచి ప్రశ్న.

కావున ఇట్టి ప్రశ్నలు కూర్చువారికి మేము చేయు మనవి యిది. తేదిని ఒక్క పుస్తకమున చూచి ఊరకుండక, దానిని చూచి వ్రాయని రెండవ పుస్తకముతో సరిచూడుడు. దూరదేశపు సంఘటనమయినచో అచ్చటి గడియారమా, ఇచ్చటి గడియారమా అని ప్రశ్నలోనే చెప్పుడు. 1752కు పూర్వపు ఇంగ్లీషు తేది యయినచో పాత లెక్కయా కొత్త లెక్కయా విచారింపుడు. పెద్దల మధ్య తేలని తేదిని పిల్లలకు పరీక్షగా పెట్టకుడు. రెండు బదుళ్ళకు ఆధారమున్నచో రెండింటిని అంగీకరింపుడు. అన్నింటికంటె ముఖ్యముగా, అనుకొనని బదులు వచ్చినప్పుడు కొట్టివేయుటకు ముందు ‘నీ కెట్లు తెలిసినది?’ అని ఒక్క మాట అడుగుడు.

ఇంటిలో ఈ వినోదము జరుపుకొనువారు ఒక నోటుపుస్తకము పెట్టుకొని, తేదికి ఒక పుట కేటాయించినచో బాగుండును. దేశచరిత్రతో పాటు ఇంటి చరిత్రయు అందు చేరవచ్చును: ఊరికి కరెంటు వచ్చిన దినము, తుపాను వచ్చిన దినము, తాతగారు తొలి రేడియో కొన్న దినము. పెద్దలున్నప్పుడే అడిగి వ్రాసికొనవలెను. వారు తేది చెప్పలేకపోయినను, సోమవారమనియో, దీపావళి మరునాడనియో చెప్పుదురు. ఆ ఆనవాలుతో పాత పంచాంగము చూచి తేదిని పట్టుకొనవచ్చును.

మొదట చెప్పిన బాలికకు బహుమతి తిరిగి రాలేదు. కాని పైన మేము వ్రాసిన గంటలు నిమిషములు ఆమెయే కాగితముపై కూడి తీసివేసి లెక్క కట్టి, తాతగారికి చూపినది. చంద్రునిపై ఆ పాదము పడునప్పటికి మన దేశమున సోమవారము ఉదయము ఎనిమిదిన్నర కావచ్చినది. తాతగారు కాగితమును కండ్లద్దములు సవరించుకొని రెండుమారులు చదివి, ‘‘అయితే నేను విన్నది నిజమేనన్నమాట’’ అనిరట.